తల ఉన్న చెట్టు

"కదిలింది," అంది సూరమ్మ మంచం మీంచే.

వెంకటకృష్ణ ఉత్తరపు కిటికీ రెక్కలకి అడ్డకర్ర బిగిస్తున్నాడు. అతని భార్య సత్యప్రియ స్టూలెక్కి, నడిమి గోడ మీదున్న సందులో మరో గోనెసంచి కుక్కుతోంది.

"మీకే చెబుతున్నాను. దూలం కదిలింది."

"గాలి చప్పుడమ్మా," అన్నాడు వెంకటకృష్ణ వెనక్కి తిరక్కుండా.

"కాపురానికొచ్చిన కాణ్ణించీ ఈ దూలం కిందే పడుకున్నాను. దాని చప్పుడు నాకు తెలీదంటావా?"

సూరమ్మకి కాలు లేవకపోయినా నోరు బాగానే లేస్తుంది. నూతి గట్టు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నా ఆ నోటికి మాత్రం దెబ్బ తగల్లేదని పెద్దకోడలు సావిత్రి వీధివీధంతా చెప్పుకుంది. అమలాపురం డాక్టరుగారు కాలికి పట్టీ వేసి, దానికి తాడు కట్టి, మంచం కోళ్ళ అవతల ఇటుకలు వేలాడదీశారు. ఆ ఇటుకలు తియ్యకూడదు, మంచం కదపకూడదు. పొద్దున్న పంచాయతీ వాళ్ళు ట్రాక్టరు తెచ్చి, అందరూ బడి డాబాలోకి వచ్చెయ్యండని మొత్తుకున్నారు. రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు. ఇటుకలతో సహా ఈ మంచాన్ని ట్రాక్టరు ఎక్కించే మార్గం ఎవరికీ తోచలేదు. "మీరు పదండి, నన్నొదిలెయ్యండి" అని సూరమ్మ అంది గానీ, ఆ మాట నిజంగా వింటారేమోనని ఆమె కళ్ళలో భయం కనబడింది. సత్యప్రియ ట్రాక్టరుని పంపించేసింది.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళే సాయంత్రమైపోయినట్టుంది. కరెంటు పోయి చాలాసేపైంది. ఉత్తరం నుంచి వచ్చే గాలి ఇంటి మీద పడి, పెంకుల్ని వరసగా తడిమి, దక్షిణం వైపు పోతోంది.

ఈ ఇంటి అవస్థకి తుపానునొక్కదాన్నే తిట్టి లాభం లేదు. సగం పాపం అన్నదమ్ములది. తండ్రి పోయాక ఇల్లు పంచుకున్నారు. దక్షిణం వాటా పెద్దవాడు బుచ్చిరాజుకి, ఉత్తరం వాటా చిన్నవాడు వెంకటకృష్ణకి. మధ్యన గోడ లేచింది. కిందన గోడ లేచినా పైన కప్పు ఒక్కటే, కప్పుని మోసే నడిమి దూలం ఒక్కటే. అలా చాలా కాలం గడిచిపోయింది. ఈ మధ్య బుచ్చిరాజుకి స్లాబు మీద మోజు పుట్టింది. గాలివానల కాలం పోయేదాకా ఆగమన్నాడు తమ్ముడు. ముహూర్తం ఆగదన్నాడు అన్న. ఇద్దరి మధ్యా సవ్యంగా నడిచిన ఆఖరి మాట అదే.

బుచ్చిరాజు తన వాటా మీద పెంకులు దింపించి, వాసాలు పీకించి, కొత్త పిల్లర్లు పోయించాడు. మొన్న వడ్రంగిని పిలిచి దూలాన్ని నడిమి గోడ దగ్గర రంపంతో కోయించాడు. ఆ రంపం చప్పుడు విన్నంతసేపూ సూరమ్మ కళ్ళు మూసుకుని పడుకుంది. కోసిన కొస ఇప్పుడు గోడ మీద హడావుడిగా కట్టిన ఇటుక దిమ్మ మీద బెత్తెడు మేర ఆని ఉంది. దాని చుట్టూ, అన్నగారి కప్పు ఉండాల్సిన చోట, ఆకాశం కనిపించే పెద్ద సందు. దానికి బరకం పట్టా కట్టి, గోనెలు కుక్కి, దేవుడా అనుకుంటున్నారు.

"మళ్ళీ కదిలింది," అంది సూరమ్మ. "ఒరేయ్, ఎక్కి చూడరా."

ఈసారి ఇటుక పొడి నిజంగానే ఆవిడ దుప్పటి మీద రాలింది. వెంకటకృష్ణ బల్ల లాక్కొచ్చి ఎక్కాడు. టార్చి వేసి చూసి, దూలం కొస పక్కన వేలు పెట్టి కొలిచాడు.

"ఏవండీ?" అంది సత్యప్రియ.

"పక్కకి జరిగింది. వేలెడు."

దూలం వేలెడు జరగడమంటే ఏమిటో సత్యప్రియకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇంకో మూడు వేళ్ళు జరిగితే ఆ కొస దిమ్మ మీంచి జారుతుంది. జారితే సూటిగా మంచం మీదికే వస్తుంది.

"గాలి దూలాన్నెలా కదుపుద్దిరా?" అంది సూరమ్మ. "పెంకులు లేపుద్ది గానీ. వల కట్టేవుగా పైన?"

"కట్టేనమ్మా. పొద్దున్నే."

ఓడలరేవు నుంచి జాలరి దానం తెచ్చిచ్చిన పాత చేపల వల అది. పెంకులు ఎగిరిపోకుండా కప్పంతా కప్పి, నాలుగు మూలలా తాళ్ళు లాగి కట్టారు.

"ఏ మూల దేనికి కట్టేవో చెప్పు."

"మూడు మూలలా గుంజలు పాతేను. నైరుతి మూల తాడు అన్నయ్య వాటాలోకి పోవాలి. అక్కడ గుంజ పాతడానికి చోటేదీ? అంతా కంకరా పునాది గోతులూను. కొబ్బరిచెట్టుకి కట్టేను."

సూరమ్మ తల ఎత్తబోయింది. నొప్పికి మళ్ళీ వాలిపోయింది. "చెట్టుకా?"

"నాన్న కట్టలేదా తొంభై ఆరులో? నేను చూసేనుగా."

"నువ్వెక్కడున్నావురా తొంభై ఆరులో? కాకినాడలో చదువు వెలగబెడుతున్నావు."

"తుపాను మర్నాడు వచ్చేను కదమ్మా, రావులపాలెం నించి నడుచుకుంటూ. ఇల్లు నిలబడి ఉంది. తాడు ఆ మూల చెట్టుకే ఉంది. ఈ కళ్ళతో చూసేను."

"ఆ చెట్టుకి తల ఉందా?"

"తలెక్కడిదమ్మా? ఆ రోజు ఊళ్ళో తల ఉన్న చెట్టు ఒక్కటుందా?"

"అదీ నీ తెలివి!" సూరమ్మ గొంతు పగిలింది. "అన్ని చెట్ల తలలూ తుపానుకి పోయేయి. దాని తల అంతకు ముందు ఏడే పోయింది, పిడుగు పడి. మొండి చెట్టది. గాలి పట్టుకోడానికి దానికి ఒక్క ఆకు లేదు, ఊగడానికి ఊపు లేదు. గుంజ కన్నా గట్టిగా నిలబడుద్దని మీ నాన్న ఏరికోరి దానికి కట్టేడు. ఇది ఆ తర్వాత అదే మూల నాటింది. నువ్వు తల ఉన్న చెట్టుకి కట్టేవు. అది ఊగినప్పుడల్లా వలని లాగుద్ది. వల కప్పుని లాగుద్ది. గాలి కాదురా ఈ ఇంటిని పీకుతోంది, నువ్వు కట్టిన తాడు!"

ఆ మాట పూర్తవుతుండగానే బయట చెట్టు ఒక్క ఊపు ఊగింది. కప్పు కీచుమంది. దిమ్మలోంచి ఒక ఇటుక ఊడి, మంచం పక్కన నేల మీద పడి ముక్కలైంది.

వెంకటకృష్ణ బల్ల మీదే వంగి, దూలం కింద భుజం పెట్టి పైకి ఎత్తిపట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. తప్పు చేసినప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో సత్యప్రియ అంతకు ముందు చూడలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మనిషి తప్పు చేశానని ఒప్పుకున్నది లేదు.

"సత్యా, నేను కదిలితే అమ్మ మీద పడుద్ది. నువ్వెళ్ళి తాడు విప్పు. కొయ్యకు, విప్పు. విప్పి పునాది గోతిలో ఉన్న బండరాయికి చుట్టు."

"ఈ గాలిలో ముడి వస్తుందా? అంత బిగుసుకున్న తాడు... బావగారిని పిలుస్తాను."

"వద్దు."

"ఏవండీ..."

"దూలం కోసిన చెయ్యి తాడు కొయ్యదని ఏంటి నమ్మకం? వల ఎగిరిపోతే పెంకుల్లో ఒక్కటి మిగలదు. ఆయన్ని ముట్టుకోనివ్వకు."

సూరమ్మ కళ్ళు మూసుకుంది. "ఆ నమ్మకం లేకే కదరా ఇద్దరూ ఇలా తగలడ్డారు," అంది.

సత్యప్రియ చీర దోపుకుని తలుపు తీసింది. గాలి ఆమెని గోడకేసి నొక్కేసింది. గోడని పట్టుకునే ఇల్లు చుట్టి, దక్షిణం వైపుకి వెళ్ళింది. అటు గాలి మరుగైనా నీళ్ళు ఎక్కువ. అన్నగారి వాటా అంతా కప్పు లేని గోడలూ, ఇనుప చువ్వలు పైకి పొడుచుకొచ్చిన కొత్త పిల్లర్లూ. పెరటి చివర వాళ్ళుంటున్న సిమెంటు రేకుల షెడ్డు వాకిట్లో సావిత్రి కొంగు తల మీద కప్పుకుని నిలబడి ఉంది.

కొబ్బరిచెట్టు దగ్గర బుచ్చిరాజు అప్పటికే ఉన్నాడు. చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి ఉంది.

సత్యప్రియ చటుక్కున ముందుకి ఉరికింది. భర్త చెప్పిన మాట నిజమైపోయిందనుకుంది.

"బావగారూ!"

"వచ్చేవా?" అన్నాడు బుచ్చిరాజు తాడు మీంచి చూపు తిప్పకుండా. చెట్టు ఊగినప్పుడల్లా తాడు ఝమ్మని బిగుసుకుంటోంది. వదులైనప్పుడు కప్పు మీద పెంకులు గలగలమంటున్నాయి. "ఇది కోసెయ్యాలమ్మాయ్. లేకపోతే కప్పు కింద పడుద్ది."

"మరి కోసెయ్యండి. అత్తయ్యగారు దాని కిందే ఉన్నారు. ఆయన భుజం మీద మోస్తున్నారు దూలాన్ని."

"వాణ్ణి చెప్పమను."

"ఏంటండీ?"

"వాడి నోటితో చెప్పమను. నేను కోసేక వల ఎగిరిపోయిందనుకో, పెంకులు పోయేయనుకో, రేపు ఊరంతా ఏమంటాడో నాకు తెలీదా? అన్న ముందు దూలం కోశాడు, తర్వాత తాడు కోశాడు, మా గూడు కూల్చాడు అంటాడు. వాణ్ణి ఒక్క మాట అనమను, ఇప్పుడే కోసేస్తాను."

సత్యప్రియకి కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. వానలో ఎవరూ చూడరని ఏడుపూ వచ్చింది.

"పొద్దున్న ఆయన ఈ చెట్టుకి కడుతుంటే మీరు చూసేరు కదండీ. షెడ్డులో కూర్చుని కాఫీ తాగుతూ చూసేరు. తొంభై ఆరులో మావయ్యగారితో కలిసి తాడు కట్టింది మీరే కదా. తల ఉన్న చెట్టుకి కట్టకూడదని ఒక్క ముక్క చెప్పలేకపోయేరా?"

బుచ్చిరాజు కత్తిని ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకున్నాడు. సావిత్రే షెడ్డులోంచి అరిచింది.

"చెబితే వింటాడా మీ ఆయన? మా చెట్టుకి కట్టొద్దన్నారని కొట్లాటకొస్తాడు. అసలు అడక్కుండా మా చెట్టుకి కట్టిందెవరు?"

"తప్పేనక్కా, అడగాల్సింది. ఇప్పుడు నేను అడుగుతున్నాను. కోసెయ్యమని నేను చెబుతున్నాను."

"నువ్వు కాదమ్మాయ్," అన్నాడు బుచ్చిరాజు. గొంతు తగ్గింది గానీ పట్టు తగ్గలేదు. "వాడు."

నడిమి గోడకి అటూ ఇటూ ఉన్నారు ఇద్దరూ. మధ్యన ఉన్నది ఒక బరకం గుడ్డ. ఇటు దగ్గితే అటు వినిపిస్తుంది. అయినా సత్యప్రియే గోడ దగ్గరికి వెళ్ళి, రాయబారిలాగా అరవాల్సి వచ్చింది.

"ఏవండీ! బావగారు కొయ్యడానికి సిద్ధంగా ఉన్నారు. మిమ్మల్ని చెప్పమంటున్నారు!"

లోపల దూలం కిర్రుమంది.

"ఏవండీ, వినబడిందా? ఊఁ అనండి చాలు!"

"వాడికి వినబడిందే," అంది సూరమ్మ గొంతు లోపల్నుంచి. "నోరు రావట్లేదు. ఒరేయ్ చిన్నాడా, అనరా. ఒరేయ్ పెద్దాడా, నువ్వైనా కొయ్యరా. మీ ఇద్దరి పట్టుదలకీ నన్ను బలి పెడతారేంట్రా?"

చెట్టు దక్షిణానికి వంగిపోయింది. వంగి, లేవడానికి ఆలస్యం చేసింది. తాడు ఎంత బిగిసిందంటే దాని మీంచి నీళ్ళు చిమ్మాయి. లోపల ఏదో విరిగిన చప్పుడు. వెంకటకృష్ణ మూలిగాడు. ఆ మూలుగు విన్నాక సత్యప్రియ ఇంకేమీ ఆలోచించలేదు.

బుచ్చిరాజు చేతిలోంచి కత్తి లాక్కుంది. ఆయన ఇచ్చాడో, వదిలేశాడో ఆమెకి తర్వాత కూడా తేలలేదు. రెండు చేతులా ఎత్తి తాడు మీద వేసింది. మొదటి వేటుకి సగం తెగింది. రెండో వేటుకి మిగతా సగం దానంతటదే తెగి, పాములా లేచింది.

వల మూల గాల్లోకి ఎగిరింది. దాంతో పాటు అంచు పెంకులు ఒక వరస లేచిపోయి, గోడ అవతల నీళ్ళలో పడ్డాయి.

"పట్టుకో!" అని ఎవరన్నారో తెలీదు. బుచ్చిరాజు ఆ తాడు మీదికి ఉరికాడు. పట్టుకున్నాడు. వల ఆయన్ని కంకర గుట్ట మీదుగా ఈడ్చుకుపోయింది. మోచేతులు చీరుకుపోయాయి. లేచి, తాడుని నడుముకి చుట్టుకుని, వెనక్కి వాలి, ఒక్కొక్క అడుగూ పెట్టుకుంటూ తన కొత్త పిల్లరు దాకా వెళ్ళాడు. పిల్లరు చుట్టూ రెండు చుట్లు తిప్పాడు. పైన చువ్వలకి ముడేశాడు.

"ఏవండీ!" సావిత్రి నీళ్ళలో పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ, ఆ పిల్లరు పోసి వారం కాలేదు. ఇంకా పచ్చిది. మీకేమైనా మతి పోయిందా? అది ఒరిగితే మన స్లాబు గతేంటి?"

"తెలుసు," అన్నాడు బుచ్చిరాజు.

"తెలిసేనా?"

"మా అమ్ముందే లోపల," అని, ఇంకో ముడి వేశాడు.

సావిత్రి ఇంకేదో అనబోయి, తాడు చివర పట్టుకుని తనూ లాగింది. ఎవరి మీద కోపంతో లాగిందో గానీ గట్టిగానే లాగింది.

సత్యప్రియ లోపలికి వచ్చేసరికి వెంకటకృష్ణ అలాగే ఉన్నాడు, దూలం కింద. భుజం దగ్గర చొక్కా చిరిగి నెత్తురు కనిపిస్తోంది. దూలం కదలడం మానింది. కొస మాత్రం దిమ్మ మీద సగమే ఆని ఉంది.

"కోశాడా?" అన్నాడు.

"కోసింది నేను."

అతను తలెత్తి చూశాడు. ఆ చూపులో కోపముందో మరేముందో చీకట్లో ఆమెకి తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

"వల ఆగినట్టుందే మరి. ఎవరు కట్టేరు?"

"బావగారు."

"దేనికి?"

"కొత్త పిల్లరుకి."

వెంకటకృష్ణ భుజం సర్దుకుని దూలాన్ని ఇంకాస్త పైకి నెట్టాడు. ఎన్ని పిల్లర్లు పోశారో, ఏ రోజు పోశారో అతనికీ తెలుసు. గోడ ఇవతల కూర్చుని ఆ కాంక్రీటు కలిపే మిల్లరు చప్పుడు పొద్దంతా తిట్టుకుంటూ విన్నవాడే.

అప్పుడు గాలి ఆగిపోయింది.

తగ్గడం కాదు, ఆగిపోవడమే. వాన కూడా పలచబడింది. చూరు నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్న చప్పుడు వినబడింది. ఎవరింట్లోనో గేదె అరిచింది. సత్యప్రియ స్టూలు మీద చతికిలబడి, "అమ్మయ్య," అంది. "అయిపోయింది అత్తయ్యగారూ."

"అయిపోలేదమ్మా." సూరమ్మ గొంతులో ఇందాకటి అరుపు లేదు. దానికే భయం వేసింది సత్యప్రియకి. "తొంభై ఆరులోనూ ఇలాగే ఆగింది. అయిపోయిందనుకుని బయటికి పోయినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. ఇప్పుడు తిరగేసి కొడుతుంది. ఇందాక ఉత్తరం. ఈసారి దక్షిణం."

దక్షిణమంటే అన్నగారి వాటా. కప్పు లేదు, అడ్డు లేదు. నడిమి గోడ మీద సందూ, దానికి కట్టిన గుడ్డ ముక్కా, నాలుగు గోనెసంచులూ. గాలి అందులోంచి లోపలికి దూరితే కప్పుని కిందనుంచి ఎత్తేస్తుంది. అప్పుడు వలా ఆపలేదు, పిల్లరూ ఆపలేదు.

గడప దగ్గర నీళ్ళ చప్పుడైంది.

బుచ్చిరాజు నిలబడి ఉన్నాడు. భుజం మీద పొడవాటి సరుగుడు కర్ర ఉంది, స్లాబు పోసేటప్పుడు కింద పోటు పెట్టడానికి తెచ్చుకున్నవాటిలో ఒకటి. వెనక సావిత్రి చేతుల్లో గోడ మీది సందుకి సరిపోయేంత చెక్క పలక ఉంది. రెండూ వాళ్ళ స్లాబు సామానే. పెంకులు దింపిన రోజు, "నీ గడప తొక్కితే నన్ను నా పేరుతో పిలవకు" అని వీధిలో నిలబడి అన్న మనిషి ఆయన. ఆ మాట వీధంతా విన్నది.

"రారా పెద్దాడా," అంది సూరమ్మ.

బుచ్చిరాజు కదల్లేదు. ఆయన తల్లి వైపు చూడటం లేదు. బల్ల మీద దూలం మోస్తున్న తమ్ముడి వైపు చూస్తున్నాడు.

సత్యప్రియ ఈసారి మధ్యన మాట్లాడలేదు. మాట్లాడకూడదని పళ్ళు బిగపట్టుకుంది. వాళ్ళ మాటలు వీళ్ళకీ, వీళ్ళ మాటలు వాళ్ళకీ మోసి మోసి ఆమెకి ఆ చాకిరీ మీద రోత పుట్టింది.

వెంకటకృష్ణ గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ అడిగాడు.

"ఆ పిల్లరు ఆగుద్దా?"

"ఆగదు," అన్నాడు బుచ్చిరాజు.

"మరి కర్ర పట్టుకుని అక్కడ నిలబడ్డావేం?"

బుచ్చిరాజు గడప వైపు చూసుకున్నాడు. ఒక కాలు ఎత్తాడు.

గోడ మీద, మధ్యాహ్నమంతా బయటికి ఉబ్బి, గాలి ఆగాక వదులైన బరకం మెల్లగా కదిలింది. ఒక్క క్షణం వేలాడింది. తర్వాత లోపలికి ఉబ్బడం మొదలుపెట్టింది.